మంచం కింద దాచిన కాలు: బయోమెడికల్ ఇంజనీరింగ్ పరిశోధకులకు ఒక బహిరంగ లేఖ

ఎముకలు, కీళ్ల చికిత్స కోసం, పునరావాసం కోసం, రోగుల సంరక్షణ కోసం పరికరాలు తయారుచేస్తున్న పరిశోధకులకు, వాళ్లకు గైడ్లుగా ఉన్న ప్రొఫెసర్లకు, ఆ పరిశోధనలకు డబ్బు మంజూరు చేసే కమిటీల సభ్యులకు,

నమస్కారం.

నేను ఫిజియోథెరపిస్టుని. కాలు తీసేయాల్సి వచ్చినవాళ్లు, తుంటి కీలో మోకాలి కీలో మార్పించుకున్నవాళ్లు, పక్షవాతంతో ఒక పక్క పడిపోయినవాళ్లు, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు... వీళ్లతోనే నా ఉద్యోగమంతా గడిచింది. మీరు తయారుచేసే వస్తువులు ల్యాబ్ దాటాక చేరేది మా చేతికే. మేం వాటిని రోగి ఒంటికి అమర్చి, వాడటం నేర్పి, ఇంటికి పంపిస్తాం. ఆ తర్వాత వాటి సంగతి ఏమవుతుందో మీకు తెలిసే అవకాశం చాలా తక్కువ. నిజం చెప్పాలంటే మాకూ తక్కువే. ఈ లేఖ దాని గురించే.

కొన్నేళ్ల క్రితం తొడ దగ్గర కాలు తీసేసిన ఒకాయనకు నేను నడక నేర్పాను. ఒక పరిశోధనలో భాగంగా ఆయనకు మైక్రోప్రాసెసర్, అంటే చిన్న కంప్యూటర్ చిప్, ఉన్న కృత్రిమ మోకాలు అమర్చారు. నడక పరీక్షించే ల్యాబ్‌లో ఒంటికి గుర్తులు అంటించారు, చుట్టూ కెమెరాలు పెట్టారు, బరువును కొలిచే పలకల మీద నడిపించారు. గ్రాఫులు ఎంతో బాగా వచ్చాయి. రెండు పక్కలా అడుగు పొడవు దాదాపు సమానం. ఆ రోజు గదిలో ఉన్నవాళ్లమంతా చప్పట్లు కొట్టాం. ఆయన కళ్లు తుడుచుకున్నారు.

ఏడాది తర్వాత నేను వాళ్లింటికి వెళ్తే, ఆయన చంకకర్రలతో ఎదురొచ్చారు. "కాలు ఏదండీ?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మంచం కింద నుంచి బయటికి లాగారు. పాత దుప్పట్లో జాగ్రత్తగా చుట్టి ఉంది. "ఏమీ అనుకోకండి. మీరంతా అంత కష్టపడ్డారు. నాకే వాడుకోవడం చేతకాలేదు" అన్నారు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అంత ఖరీదైన వస్తువును వాడలేకపోయినందుకు ఆయన సిగ్గుపడుతున్నారు. మాకు చెప్పుకోవడానికి కూడా మొహమాటపడి ఏడాదిపాటు ఊరుకున్నారు. కూర్చుని నెమ్మదిగా అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చింది. మధ్యాహ్నానికల్లా తొడ మిగిలిన భాగం కొంచెం చిక్కిపోయి, అది దూరే గట్టి తొడుగు, అంటే సాకెట్, వదులవుతుంది. లోపల చెమట పట్టి, చర్మానికీ సాకెట్‌కీ మధ్య వేసుకునే మెత్తటి లైనర్ జారుతుంది. జారిన చోట చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది. పుండు మానేదాకా కాలు వేసుకోకూడదు. మానాక వేసుకుంటే మళ్లీ అదే కథ. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది రాత్రిపూట. నిద్రలో లేచి బాత్రూమ్‌కి వెళ్లాలంటే లైనర్ తొడిగి, సాకెట్ ఎక్కించి, సరిచూసుకునేసరికి ఆలస్యమైపోతుంది. అందుకని కర్రలే నయమనిపించింది. మొదట రాత్రి మాత్రమే కర్రలు, తర్వాత సాయంత్రం కూడా, చివరికి రోజంతా.

ఆ మోకాలిలో ఏ లోపమూ లేదు. అందులోని సెన్సర్లు, ప్రోగ్రాము అన్నీ చెప్పినట్టే పనిచేశాయి. పరిశోధన పత్రంలో ఆయన ఇప్పటికీ విజయవంతమైన కేసే. ల్యాబ్‌లో నడిచిన ఆ పది మీటర్లతోనే ఆయన కథ ముగిసింది కాబట్టి.

మీ రంగం మీద ఫిర్యాదు చేయడానికి రాస్తున్నానని అనుకోవద్దు. మీ రంగం లేకపోతే మా వార్డులో సగం మంది మంచం దిగరు. తుంటి అరిగిపోయి, రాత్రిళ్లు నొప్పితో నిద్రపట్టని మనిషి, ఆపరేషన్ మర్నాడు వాకర్ పట్టుకుని నిలబడి "నొప్పి లేదే!" అని ఆశ్చర్యపోవడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. ఆ ఆశ్చర్యం వెనక ఉన్నది ఇంజనీరింగే. పైగా నేను మిమ్మల్ని అడగబోయేది కొత్తదేం కాదు. మీ రంగాన్ని నిలబెట్టినవాళ్లు చేసిందే.

తుంటి మార్పిడి సర్జన్ జాన్ చార్న్‌లీ గురించి మీకు చెప్పక్కర్లేదు. అయినా ఒకసారి గుర్తుచేస్తాను. ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆస్పత్రిలో ఆయన 1950ల చివర్లో తుంటి మార్పిడిలో తొడ ఎముక తల కూర్చునే గిన్నెను టెఫ్లాన్ అనే ప్లాస్టిక్‌తో చేసి వాడాడు. జారుడుగా ఉండే పదార్థం కాబట్టి కీలుకి సరిగ్గా సరిపోతుందనుకున్నాడు. ఆపరేషన్ అయిన కొత్తలో రోగులు సంతోషంగా నడిచారు. ఆ దశలోనే లెక్క ఆపేసి ఉంటే అది గొప్ప విజయంగా మిగిలేది. కానీ ఆయన వాళ్లను వదలకుండా మళ్లీ మళ్లీ పిలిచి చూశాడు. రెండు మూడేళ్లకే టెఫ్లాన్ అరిగిపోతోందని, రాలిన పొడి చుట్టూ కండలో, ఎముకలో వాపు, గడ్డలు తయారవుతున్నాయని తేలింది. దాదాపు 300 మందికి అప్పటికే ఆ కీళ్లు పెట్టేశాడు.

తర్వాత జరిగింది నాకు ఇంకా ఇష్టమైన భాగం. ఒక అమ్మకందారు మరమగ్గాల్లో వాడే పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ ముక్కను ఆస్పత్రి వర్క్‌షాప్‌కి తెచ్చాడు. చార్న్‌లీ దాన్ని గోటితో నొక్కి చూసి పనికిరాదని తేల్చేశాడు. అక్కడి టెక్నీషియన్ హ్యారీ క్రేవెన్ మాత్రం, 1962లో చార్న్‌లీ విదేశం వెళ్లిన సమయంలో, దాన్ని అరుగుదల పరీక్షించే యంత్రంలో పెట్టి రాత్రింబవళ్లు తిప్పాడు. మూడు వారాలు తిప్పినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అరగలేదు. చార్న్‌లీ తిరిగొచ్చి చూసి, తన అభిప్రాయం మార్చుకున్నాడు. అంతటితో ఆగలేదు. టెఫ్లాన్, పాలిథిలిన్ రెండింటి నమూనాలనూ తన తొడలోనే పెట్టించుకున్నాడు. నెలలు గడిచాక టెఫ్లాన్ ఉన్నచోట గట్టిగా ఉబ్బింది, పాలిథిలిన్ ఉన్నచోట ఏమీ తెలియలేదు. ఆ సంగతి 1963లో లాన్సెట్ వైద్య పత్రికలో రాశాడు. ఇవాళ అలా సొంత ఒంటి మీద ప్రయోగం చేయమని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. కానీ ఒక్కటి చూడండి. ఏ యంత్రమూ ఆయనకు ఆ ఉబ్బును చూపించేది కాదు. యంత్రం అరుగుదలను చెప్పగలదు. రాలిన పొడికి ఒంట్లో కణాలు ఎలా స్పందిస్తాయో ఒళ్లే చెప్పాలి, దానికి కాలం పట్టాలి. చనిపోయాక ఆ కీలును తీసి పరిశీలించడానికి ఒప్పుకోమని ఆయన రోగులను అడిగేవాడు. చాలామంది ఒప్పుకున్నారు. చివరిదాకా వాళ్ల వెంట ఉన్న డాక్టరు కాబట్టే ఒప్పుకున్నారని నా నమ్మకం.

ఈ అలవాటును ఒక వ్యవస్థగా మార్చింది స్వీడన్. మోకాలి మార్పిడుల రిజిస్టర్ 1975లో, తుంటి మార్పిడులది 1979లో అక్కడ మొదలయ్యాయి. ఏ కీలు ఎవరికి పెట్టారు, ఎన్నేళ్లకు మళ్లీ తీయాల్సి వచ్చింది అని రాసిపెట్టడం. చాలా మామూలు పని. ఆ మామూలు పని ఎంత విలువైనదో లోహం మీద లోహం రాసుకునే తుంటి కీళ్ల విషయంలో ప్రపంచమంతా చూసింది. ఏఎస్ఆర్ అనే కీలును 2010 ఆగస్టులో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకునేనాటికి సుమారు 93,000 మందికి దాన్ని అమర్చేశారు. అనుకున్నదానికన్నా ఎక్కువమందికి మళ్లీ ఆపరేషన్ అవసరమవుతోందని పట్టించినవి ఆస్ట్రేలియా, ఇంగ్లండ్‌లలోని రిజిస్టర్లే. ల్యాబ్‌లో లక్షల సార్లు తిప్పి చేసిన పరీక్షలన్నీ అది అప్పటికే దాటి వచ్చింది.

ఇక్కడే నా బాధంతా ఉంది. ఒంటి లోపల పెట్టే కీలు చెడితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. నొప్పి వస్తుంది, మళ్లీ ఆపరేషన్ జరుగుతుంది, ఎక్కడో ఒకచోట అది నమోదవుతుంది. ఒంటి బయట పెట్టే పరికరం చెడితే ఏమవుతుంది? కృత్రిమ కాలు, చేతిని తిన్నగా పట్టి ఉంచే స్ప్లింట్, నడుముకి బెల్టు, మడమను కదలకుండా పట్టి ఉంచే బ్రేస్, వాకర్, వీల్‌చైర్... వీటిని రోగి విప్పి పక్కన పెట్టేస్తాడు. అంతే. ఎక్స్‌రే లేదు, రిజిస్టర్ లేదు, ఫిర్యాదు లేదు. మంచం కింద ఒక మూట మాత్రం ఉంటుంది. పైగా "నాకే చేతకాలేదు" అనే సిగ్గు ఆ మూట మీద ఇంకో దుప్పటి కప్పుతుంది.

ఇది నా ఒక్కరి అనుభవం కాదు. 1993లో అమెరికాలో ఫిలిప్స్, జావ్ అనే ఇద్దరు పరిశోధకులు వైకల్యం ఉన్న 227 మంది పెద్దవాళ్లను అడిగి చూస్తే, వాళ్లకిచ్చిన సహాయక పరికరాల్లో 29.3 శాతం మూలన పడ్డాయి. మానేయడానికి కారణాల్లో ముఖ్యమైనది ఏమిటో తెలుసా? పరికరాన్ని ఎంచేటప్పుడు వాడే మనిషి అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం. కృత్రిమ చేతుల మీద వచ్చిన పరిశోధనలన్నింటినీ కలిపి 2007లో బిడిస్, చావ్ సమీక్షించారు. తాడు, బెల్టుతో లాగే చేతులను పెద్దవాళ్లలో సగటున 26 శాతం, కండరాల విద్యుత్ సంకేతాలతో నడిచే చేతులను 23 శాతం వదిలేస్తున్నారు. పిల్లల్లో అవి 45, 35 శాతం. ఆ రెండు రకాల చేతుల మధ్య ఎంత టెక్నాలజీ తేడా ఉందో మీకు నాకన్నా బాగా తెలుసు. పెద్దవాళ్లు వదిలేసే రేటులో తేడా మాత్రం మూడు శాతం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఏదో ఒక సహాయక పరికరం అవసరమైనవాళ్లు 250 కోట్ల మందికి పైగా ఉన్నారు. అందులో దాదాపు 100 కోట్ల మందికి అది అందడం లేదు. అందనివాళ్ల గురించి బాధపడని రోజు లేదు. కానీ అందినవాళ్లను లెక్కించేటప్పుడు కాలు మంచం కింద దాచిన ఆయన లాంటివాళ్లు ఏ వరుసలో ఉంటారు? వస్తువు అందింది. కాలు అందలేదు.

సాకెట్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే నేను రోజూ చూసేది దాన్నే. కృత్రిమ కాళ్లకు ఐఎస్ఓ 10328 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం కాలు భాగాల మీద 30 లక్షల సార్లు బరువు వేసి తీసి పరీక్షిస్తారు. అవసరమైన పరీక్షే, దానివల్లే నడిచే మనిషి కింద రాడ్ విరగదు. కానీ ఆ యంత్రానికి చర్మం ఉండదు, చెమట పట్టదు. మధ్యాహ్నానికి కండ చిక్కదు. నడకలో ప్రతి అడుగుకీ సాకెట్ లోపల కాలు పైకీ కిందికీ కదలడం, ఆ కదలికలో ఎముక కొన ఒకేచోట ఒత్తడం, సాకెట్ వదులు కాకుండా కాలు మిగిలిన భాగానికి పొద్దున తొడుక్కున్న ఒక సాక్సు మధ్యాహ్నానికి రెండు, సాయంత్రానికి మూడు కావడం... ఇవన్నీ మనిషి దగ్గరే తెలుస్తాయి. సాక్సు ఇంకొకటి వేసుకోవాలంటే ఆఫీసులోనో బస్టాండులోనో ప్యాంటు విప్పాలి. ఎక్కడ విప్పుతాడు? ఈ ప్రశ్న ఏ పరిశోధన పత్రంలోనూ నాకు కనిపించలేదు. మా వార్డులో మాత్రం వారానికొకసారైనా వినిపిస్తుంది.

సాకెట్టే వద్దనుకుని వేరే దారిలో వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఎముక టైటానియంతో విడదీయలేనంతగా కలిసిపోతుందని 1952లో పర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేళ్ల మీద వేరే ప్రయోగం చేస్తూ అనుకోకుండా గమనించాడు. దాని ఆధారంగా 1990లో స్వీడన్‌లో తొడ ఎముకలోకే రాడ్ అమర్చి దానికి కృత్రిమ కాలు తగిలించారు. అలాంటి కాలున్నవాళ్లు అడుగు వేసినప్పుడు నేల స్వభావం కొంత తెలుస్తోందని చెబుతారు. రాడ్ చర్మం దాటి బయటికొచ్చే చోట ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది కాబట్టి అందరికీ సరిపోదు. మిగిలినవాళ్లందరికీ సాకెట్టే గతి. అందుకే మోకాలికి ఇంకో సెన్సర్ జోడించే పరిశోధనలు పది వస్తే, చెమట మీద ఒక్కటైనా రావాలని కోరుకుంటాను.

పక్షవాతం వచ్చిన చేతికి వేసే స్ప్లింట్ గురించి కూడా చెప్పాలి. వేళ్లు ముడుచుకుపోకుండా తెరిచి ఉంచుతుంది, మంచి డిజైను. దాన్ని బిగించే పట్టీ లాగాలంటే రెండు చేతులు కావాలి. ఆ మనిషికి పనిచేసేది ఒక్కటే చెయ్యి. భార్యో కొడుకో కట్టాలి. వాళ్లు పనికి వెళ్లిపోయాక స్ప్లింట్ టేబుల్ మీదే ఉంటుంది. దాన్ని డిజైన్ చేసిన బృందంలో ఎవరైనా ఒక్క పూట తమ కుడిచెయ్యి నడుముకి కట్టేసుకుని దాన్ని తొడుక్కోవడానికి ప్రయత్నించి ఉంటే ఆ పట్టీ అలా ఉండేది కాదు.

వాడేవాళ్ల బాధను చికిత్సలో భాగంగా తీసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి నేను ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణ ఇగ్నాసియో పొన్సెటి. అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టరు. పాదాలు లోపలికి వంకర తిరిగి పుట్టిన పసిపిల్లలకు పెద్ద ఆపరేషన్ లేకుండా, వారం వారం ప్లాస్టర్ మారుస్తూ పాదాన్ని సరిచేసే పద్ధతి ఆయనది. ప్లాస్టర్లతో పాదం తిన్నగా అవుతుంది. కానీ అక్కడితో అయిపోదు. ఒక కడ్డీకి రెండు బూట్లు బిగించిన బ్రేస్‌ను మొదటి మూడు నెలలు రోజుకి 23 గంటలు, తర్వాత నాలుగేళ్ల వయసు దాకా నిద్రపోయే వేళల్లో వేయాలి. మానేస్తే పాదం మళ్లీ వంకర తిరిగే ప్రమాదం చాలా ఎక్కువ. పాత తోలు బూట్లలో పసివాళ్ల మడమ జారేది, బొబ్బలెక్కేది, పిల్ల ఏడ్చేది. రాత్రంతా ఏడ్చే బిడ్డను చూస్తూ ఏ తల్లి బ్రేస్ ఉంచుతుంది? తల్లులకు నిబద్ధత లేదని రాసేసి చేతులు దులుపుకోవచ్చు. పొన్సెటి అలా చేయలేదు. తర్వాతి కాలంలో జాన్ మిచెల్ అనే నిపుణుడితో కలిసి, మెత్తటి లోపలి భాగంతో మడమను పట్టి ఉంచే చెప్పు లాంటి బ్రేస్ తయారయ్యేలా చూశాడు. వైద్య సిద్ధాంతం మారలేదు, బొబ్బ తగ్గింది. చికిత్స నిలబడటానికి అది చాలా వరకు చాలు.

"రోగి సహకరించలేదు" అని మనం రాసే ప్రతి చోటా ఒక బొబ్బ ఉందేమో అని నాకు అనుమానం. నేనూ ఆ మాట కేసు షీట్లలో చాలాసార్లు రాశాను. ఇప్పుడు రాయడం మానేశాను.

రోబోల విషయానికొస్తే, వాటికి వ్యతిరేకిని కాను. ఒకే కదలికను వందల సార్లు చేయించాలంటే నా చేతులు అలసిపోతాయి, రోబోకి అలసట లేదు. అయితే 2019లో లాన్సెట్‌లో వచ్చిన రాటుల్స్ అనే పరీక్ష ఫలితాలను మనమంతా తలుచుకోవాలి. బ్రిటన్‌లో పక్షవాతం వచ్చిన 770 మందితో చేశారు. చేతికి రోబోతో శిక్షణ పొందినవాళ్లకు, మామూలు చికిత్స పొందినవాళ్లకంటే చేతి పనితీరు మెరుగుపడలేదని తేలింది. ఎన్నో ఏళ్ల శ్రమ, ఎంతో నమ్మకం పెట్టిన రంగంలో ఇంత పెద్ద పరీక్ష చేసి, ఫలితం అనుకున్నట్టు రాకపోయినా దాచకుండా ప్రచురించారు. నేను ఆ బృందానికి మనసులో దండం పెట్టుకున్నాను. అలాగే మోకాలి మార్పిడి తర్వాత కాలును దానంతటదే వంచి చాపే సీపీఎం యంత్రం. ఆస్పత్రుల్లో ఏళ్ల తరబడి ప్రతి మంచానికీ బిగించాం. 2014లో, వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ సమీక్ష లెక్కలు తీస్తే, దానివల్ల మోకాలు సగటున 2 డిగ్రీలు ఎక్కువ వంగుతోంది. మెట్లెక్కే మనిషికి ఆ రెండు డిగ్రీలు తెలియను కూడా తెలియవు. ఆ యంత్రం బిగించి మేం పక్క మంచానికి వెళ్లిపోయిన ఆ గంటల్లో రోగిని లేపి నడిపించి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇంకోవైపు, లేని చేతిలో నొప్పితో విలవిల్లాడేవాళ్లకు 1990ల్లో వి.ఎస్. రామచంద్రన్ వాడింది ఒక అద్దం. మంచి చేతి ప్రతిబింబం పోయిన చేతి చోట కనిపించేలా పెట్టడం, అంతే. అందరికీ పనిచేయదు, కొందరికి ఎంతో పనిచేస్తుంది. ఇలాంటి ఆలోచనకు ఇవాళ మీ కమిటీలు నిధులిస్తాయా అని నాకు టెన్షన్. అందులో "కొత్త టెక్నాలజీ" ఏముందని అడుగుతారేమో.

మంచి పరిశోధన రోగి జీవితంలోకి ఎలా వెళ్తుందో చూపినవాళ్లు మీలోనే ఉన్నారు. బెర్లిన్‌లో గియోర్గ్ బెర్గ్‌మన్ బృందం తుంటి కీలు లోపలే కొలిచే సెన్సర్లు పెట్టి, మనిషి నడుస్తుంటే కీలు మీద పడే బలాన్ని నేరుగా లెక్కగట్టింది. మామూలు నడకలోనే ఒంటి బరువుకి రెండున్నర రెట్లకు కొంచెం తక్కువ. మెట్లు దిగేటప్పుడు 2.6 రెట్లు. ఒక రోగి అనుకోకుండా తూలినప్పుడు అది 7 రెట్లు దాటింది. ఆ తూలడం ప్రయోగంలో భాగం కాదు, జీవితంలో భాగం. ఆ ఒక్క అంకె వల్ల నేను తుంటి మార్పించుకున్నవాళ్లకు ఇంట్లో కాలికి అడ్డొచ్చే వస్తువుల గురించి, రాత్రి వెలుతురు గురించి అరగంట చెబుతాను. పైగా ఆ కొలతలన్నీ ఎవరైనా వాడుకునేలా ఆర్థోలోడ్ పేరుతో అందుబాటులో పెట్టారు. వాళ్లకు నా కృతజ్ఞతలు.

వాడే మనిషే తయారుచేసే మనిషి అయిన సందర్భాలు చూస్తే నా మాట ఇంకా స్పష్టమవుతుంది. 1976లో ప్రమాదంలో పాదం పోగొట్టుకున్న వాన్ ఫిలిప్స్, తనకిచ్చిన బిగుసుకుపోయిన పాదంతో సరిపెట్టుకోలేక కార్బన్ ఫైబర్‌తో స్ప్రింగులా వంగి లేచే పాదం చేశాడు. ఇవాళ పరుగు పందేల్లో కనిపించే వంకీ కాళ్లకు మూలం అదే. 1978లో హ్యాంగ్ గ్లైడర్ కూలి నడుము కింద చచ్చుబడిన మార్లిన్ హామిల్టన్, బరువైన ఇనుప వీల్‌చైర్ భరించలేక, గ్లైడర్లు తయారుచేసే స్నేహితులతో కలిసి అల్యూమినియం వీల్‌చైర్ చేయించుకుంది. దానితో వీల్‌చైర్ల తీరే మారిపోయింది. వీళ్లను మనం స్ఫూర్తి కథలుగా చెప్పుకుని వదిలేస్తాం. ప్రాజెక్టు దరఖాస్తులో మాత్రం రోగి మూడో సంవత్సరంలో, "పరీక్షకు ఒప్పుకున్న వ్యక్తి" పేరుతో ప్రవేశిస్తాడు. అప్పటికి పట్టీ ఎక్కడుండాలో, చార్జింగ్ ఎక్కడ పెట్టాలో అన్నీ నిర్ణయమైపోయి ఉంటాయి. మొదటి నెలలోనే పిలవండి. పిలిచినప్పుడు ఆయన సమయానికి డబ్బివ్వండి, రాకపోకల ఖర్చివ్వండి, ఆయన చెప్పిన మాట డిజైను మార్చితే పత్రంలో ఆయన పేరు వేయండి.

మంచం పట్టిన రోగుల సంరక్షణ పరికరాల గురించి ఎక్కువ రాయను, అది నాకన్నా నర్సులు చెప్పాలి. ఒక్కటి మాత్రం. వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్ నల్లని చర్మం ఉన్నవాళ్లలో ఆక్సిజన్ తగ్గుదలను ఎక్కువసార్లు పట్టుకోలేకపోతోందని 2020లో అమెరికా రోగుల లెక్కలు చూపించాయి. మీటరు 92 నుంచి 96 చూపిస్తున్నా నిజంగా 88 కన్నా తక్కువున్నవాళ్లు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్లలో 3.6 శాతం. దశాబ్దాలుగా ప్రతి వార్డులో ఉన్న పరికరం అది. ఎవరి వేళ్ల మీద పరీక్షించారు అనే ప్రశ్న ముందే గట్టిగా అడిగి ఉండాల్సింది.

నిధులిచ్చే పెద్దలకు నా విన్నపం ఇది. మీరు ఇచ్చే డబ్బులో కొంత భాగాన్ని పరికరం ఇంటికి వెళ్లిన తర్వాతి ఏడాదికి కేటాయించండి. ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి ఎవరో ఒకరు వెళ్లి "అది ఇప్పుడు ఎక్కడుంది, చూపిస్తారా?" అని అడగాలి. రోజుకి ఎన్ని గంటలు వేసుకుంటున్నారు, ఎందుకు విప్పేస్తున్నారు, ఎవరు సాయం చేస్తున్నారు. ఆ జవాబులు లేకుండా తుది నివేదికను ఆమోదించకండి. కీళ్లకు రిజిస్టర్లు పెట్టుకోగలిగిన ప్రపంచం కాళ్లకు, బ్రేసులకు పెట్టుకోలేదా?

ప్రొఫెసర్లకు ఒక మాట. మీ విద్యార్థి తెచ్చిన ఫలితం "ఎవరూ వాడలేదు, కారణాలు ఇవి" అని ఉంటే దాన్ని థీసిస్‌గా అంగీకరించండి. ఆ కారణాలు తెలియక ఇంకో పదిమంది విద్యార్థులు అదే పట్టీని మళ్లీ డిజైన్ చేస్తారు.

ఇక ఆ విద్యార్థులకు. మీరు వచ్చి మా దగ్గర ఒక వారం ఉండండి. ల్యాప్‌టాప్ వద్దు, కెమెరా వద్దు. పొద్దున రోగి కాలు తొడుక్కునే దగ్గర్నుంచి రాత్రి విప్పి పడుకునేదాకా పక్కన ఉండండి. విప్పాక చర్మం మీద ఎర్రటి మచ్చ ఎక్కడ పడిందో, ఎంతసేపటికి మాయమైందో చూడండి. రోగి వెనక నిలబడే భార్యనో కూతురినో అడగండి, ఎందుకంటే రోగి మీకు మొహమాటంతో "బాగుంది" అనే చెబుతాడు. మీరు కష్టపడి చేశారని ఆయనకు తెలుసు.

కాలు మంచం కింద దాచిన ఆయన సంగతి చెప్పి ముగిస్తాను. ఆ మూట చూసిన తర్వాత నేను ఆ పరిశోధన బృందంలోని ఒక యువ ఇంజనీరుకి ఫోన్ చేశాను. ఆ అబ్బాయి మర్నాడే వచ్చాడు. మూడు రోజులు ఆయన ఇంట్లో కూర్చున్నాడు. ఎక్కువ మాట్లాడలేదు, చూశాడు, రాసుకున్నాడు. కొన్ని వారాలకు సాకెట్ మారింది. ప్యాంటు మీద నుంచే తిప్పి బిగించుకునే మర ఒకటి దానికి అమర్చారు. సాక్సులు మార్చే పని చాలా తగ్గింది. మోకాలు అదే. మళ్లీ ల్యాబ్‌లో నడిపిస్తే గ్రాఫులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. ఆయన మాత్రం ఇప్పుడు పొద్దున వేసుకుని చీకటి పడేదాకా ఉంచుకుంటున్నారు. రాత్రిపూట ఇప్పటికీ కర్రలే.

ఈ లేఖ రాస్తున్నానని చెబితే మీకు ఒక ప్రశ్న పంపారు. నిద్రమత్తులో, చీకట్లో, ఒక్క నిమిషంలో తొడుక్కోగలిగే కాలు ఎవరైనా చేస్తున్నారా? పొద్దుటిదాకా వేసుకుని ఉండగలిగేది కానక్కర్లేదు, మంచం నుంచి బాత్రూమ్‌కి, మళ్లీ మంచానికి చేర్చితే చాలట. అందంగా ఉండక్కర్లేదు, మోకాలు వంగకపోయినా పర్వాలేదట. ఎవరైనా మొదలుపెడితే, మొదట వేసుకుని చూడటానికి తాను సిద్ధమని రాయమన్నారు.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు